సీలేరు దారిలో నాలుగు జలపాతాలు

ఇంటికొచ్చి రెండు రోజులైంది. ఉతికి ఆరేసినా నా శాలువాకి పొగ వాసన పోలేదు. అది పోయేలోపే రాసేయాలని కూర్చున్నాను.

మా మామయ్యగారు పెళ్లికి ముందు, 1974 నుంచి మూడేళ్లు, లోయర్ సీలేరు జలవిద్యుత్ ప్రాజెక్టు పనుల్లో ఒక కాంట్రాక్టరు దగ్గర టైమ్ కీపరుగా చేశారు. అప్పుడాయనకి ఇరవయ్యొక్కటి, ఇప్పుడు డెబ్బై రెండు. నేను కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ ఆ ప్రాజెక్టు ఊరు మోతుగూడెం పేరు వినని వానాకాలం లేదు. "రాత్రిపూట పొల్లూరు జలపాతం చప్పుడు మా షెడ్డులోకి వినబడేదమ్మాయ్" అంటారు. ఆ తర్వాత ఆయన మళ్లీ ఒక్కసారి కూడా అటు వెళ్లలేదు. ఈసారి రెండో శనివారం కలిసొచ్చింది. శుక్రవారం సెలవు పెట్టి మామయ్యగారు, మా ఆయన, నేను, ముగ్గురం బయల్దేరాం. రాజమండ్రి నుంచి మారేడుమిల్లి ఘాట్ మీదుగా చింతూరు, అక్కణ్నుంచి సీలేరు వైపు మోతుగూడెం, డొంకరాయి. మళ్లీ అదే దారిన వెనక్కి.

అక్టోబరు 10, శుక్రవారం: గోకవరం, రంప, మారేడుమిల్లి

గోకవరంలో టిఫిను. పెసరట్టు ఉప్మా ప్లేటు 60 రూపాయలు. అల్లం పచ్చడి ఎంత బావుందంటే మామయ్యగారు అట్టు అయిపోయాక కూడా వేలితో నాకారు. ఊరు దాటగానే రోడ్డుకి రెండు వైపులా జీడిమామిడి తోటలు, ఆ తర్వాత ఒక్కసారిగా కొండలు. రంపచోడవరంలో ట్యాంకు నిండా పెట్రోలు కొట్టించాం. అటు వెళ్లేవాళ్లు ఈ పని మాత్రం మర్చిపోకండి, ముందు ముందు బంకు ఎక్కడుందో వెతుక్కోవడం పెద్ద టెన్షన్.

రంప జలపాతం రంపచోడవరానికి బాగా దగ్గర. కారు కింద ఆపి చెట్ల మధ్య నడిచి వెళ్లాం. ఎత్తయిన జలపాతమేమీ కాదు. నీళ్లు బండల మీద నుంచి జారుతూ వస్తాయి, చప్పుడు కూడా మెత్తగా ఉంటుంది. ఒక పెద్దావిడ పాయ పక్కన కూర్చుని ఇత్తడి చెంబు తోముతోంది. చింతపండు, బూడిద, కాస్త ఇసుక. మేము వచ్చామని పక్కకి జరగబోతే మామయ్యగారు "మీ పని కానివ్వండమ్మా, మాకేం తొందర లేదు" అన్నారు. ఆవిడ చెంబు కడిగి, అందులోనే నీళ్లు ముంచి ముందు ఆయనకే ఇచ్చింది. నాకు మొదట జంకుగా అనిపించింది. ఆయన గటగటా తాగేసరికి నేనూ తాగాను. చల్లగా, కొంచెం ఆకు రుచితో ఉన్నాయి.

రంప అనగానే మనకి పితూరీలే, అంటే తిరుగుబాట్లే గుర్తొస్తాయి. 1879లో ఒకటి, 1922 నుంచి 1924 దాకా అల్లూరి సీతారామరాజు నడిపినది మరొకటి. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చి గిరిజనుల పోడు సాగు మీద ఆంక్షలు పెట్టింది. మన్యంలో రోడ్లు వేయడానికి గిరిజనుల చేత సరైన కూలి ఇవ్వకుండా పని చేయించారు. 1922లో జనం తిరగబడడానికి అదీ ఒక కారణం. ఇవన్నీ నేను పాఠంగా చెప్పే సంగతులే. ఏళ్ల తరబడి చెబుతున్నాను కూడా. కానీ ఏసీ కారులో ఆ కొండల్లోకి వెళ్తూ, కిటికీలోంచి రోడ్డు పక్క కంకర కొడుతున్న మనుషుల్ని చూశాక, పాఠంలో ఆ ఒక్క వాక్యం దగ్గర ఇకనుంచి ఇంకొంచెం సేపు ఆగుతాననిపించింది.

సాయంత్రానికి మారేడుమిల్లి. రోడ్డు పొడుగునా బొంగు చికెన్ బళ్లు. మేము ఆగిన బండి దగ్గర భార్యాభర్తలిద్దరూ ఉన్నారు. ఆవిడ పచ్చి వెదురు బొంగు తీసుకుని, ఒక వైపు కణుపు ఉంచి రెండో వైపు కోసింది. లోపల కాస్త నీరుంది. "ఎండిన బొంగు పనికిరాదండి. మంటకి పగిలిపోతుంది, కూర కూడా మాడిపోతుంది. ఈ తడే మాకు నూనె" అంది. కోడి ముక్కలకి ఉప్పు, కారం, పసుపు, అల్లం వెల్లుల్లి, మసాలా పట్టించి కూరి, మూతికి ఆకులు కుక్కింది. ఆయన దాన్ని నిప్పుల మీద ఆనించి తిప్పుతూ కూర్చున్నాడు. పచ్చటి బొంగు ముందు పసుపుగా మారింది, తర్వాత మచ్చలు మచ్చలుగా నల్లబడింది. మూతి దగ్గర ఆకుల్లోంచి బుడగలు రావడం మొదలైంది. ముప్పావుగంట పట్టింది. పొగంతా నా శాలువాకే. తీసి అడ్డాకులో దులిపితే ముక్క ఎముక నుంచి దానంతటదే విడిపోయింది. చుక్క నూనె లేదు, కానీ రసం ఉంది, వెదురు వాసన ఉంది. బొంగు 350 రూపాయలు. ముగ్గురికీ ఒకటి సరిపోలేదు, ఇంకోటి చెప్పాం.

డబ్బులిచ్చేటప్పుడు మా ఆయన పది, ఇరవై తగ్గించమనబోయారు. ఆవిడ ఏమీ అనలేదు, పొడుగ్గా ఉన్న వెదురు కట్ట వైపు ఒకసారి చూసింది. అది కొండ మీద నుంచి నెత్తిన మోసుకురావాలి. మామయ్యగారు కొడుకు చేతిలోంచి నోట్లు తీసుకుని లెక్కగా ఇచ్చేశారు.

అక్టోబరు 11, శనివారం: జలతరంగిణి, అమృతధార, చింతూరు

పొద్దున్నే ఘాట్ ఎక్కాం. మంచు ఎంత దట్టంగా ఉందంటే ఎదురుగా వచ్చే లారీ హారన్ వినిపించాకే కనిపించింది. మలుపు మలుపుకీ హారన్ కొట్టడం ఇక్కడ మర్యాద. ఎక్కేవాళ్లకి దారివ్వడం ఇంకో మర్యాద. మా ఆయనకి రెండు మలుపుల తర్వాత గానీ అలవాటు కాలేదు.

జలతరంగిణి రోడ్డుకి దగ్గర్లోనే ఉంటుంది. చెట్ల కింద నుంచి నడిచి వెళ్తే నీళ్లు మెట్టు మెట్టుగా దూకుతూ కనిపిస్తాయి. నాలుగడుగులు వేశానో లేదో, పాకుడు మీద కాలు జారి కూలబడ్డాను. మోచెయ్యి గీరుకుపోయింది. అక్కడే ఉసిరికాయలు అమ్ముతున్న పిల్ల, పన్నెండేళ్లు ఉంటాయేమో, పరిగెత్తుకొచ్చి చెయ్యిచ్చింది. "చెప్పులు తీసెయ్యండి. కాలివేళ్లు రాయిని పట్టుకుంటాయి, చెప్పు పట్టుకోదు" అంది. తీశాను. నిజమే. మొదటి రెండు నిమిషాలు అరికాలు నొప్పెట్టింది, ఆ తర్వాత ఏ రాయి గరుకో ఏది జారుడో కాలికే తెలిసిపోయింది. ఆ పిల్ల ముందు నడుస్తూ ఎక్కడ అడుగు వేయాలో చూపించింది. తను అడుగు వేసిన చోట నేను వేశాను.

నీళ్లలోకి ఇంకా ముందుకి వెళ్లబోతున్న కుర్రాళ్లని కూడా ఆ పిల్లే కేకేసి ఆపింది. పైన కొండ మీద వాన పడితే కింద ఎండ కాస్తూనే ఉంటుంది, నీళ్లు మాత్రం ఒక్కసారిగా వచ్చేస్తాయి. 2024 సెప్టెంబరులో ముగ్గురు వైద్య విద్యార్థులు ఇక్కడే కొట్టుకుపోయి చనిపోయారు. "నీళ్ల రంగు ఎర్రగా మారినా, చప్పుడు బరువెక్కినా బయటికి వచ్చెయ్యాలి. సామాను కోసం చూసుకోకూడదు" అంది. బడిలో ఎవరూ నేర్పని పాఠం అది. అక్కడి బోర్డు మీద కూడా అంత వివరంగా లేదు. ఉసిరికాయలు 20 రూపాయలవి తీసుకున్నాం. ఉప్పూకారం పొట్లం ఊరికే ఇచ్చింది.

అమృతధారకి వెళ్లేసరికి జనం పెరిగారు. రోడ్డు నుంచి లోపలికి నడవాలి. మామయ్యగారు కర్ర పట్టుకుని నెమ్మదిగా వచ్చారు. జలపాతం రెండు అంతస్తులుగా పడుతుంది. పై దాని దగ్గర ఎండ నేరుగా తగిలి తుంపర్లలో చిన్న ఇంద్రధనుస్సు. మనం కదిలితే అదీ కదులుతుంది. ఒక చంటిపిల్లవాడు దాన్ని పట్టుకుందామని ముందుకి వంగుతుంటే వాళ్లమ్మ చొక్కా వెనక పట్టుకుని లాగుతోంది. అరగంట కూర్చున్నాం. మా ఆయన కాలికి జలగ పట్టింది. ఎవరో ముసలాయన చిటికెడు ఉప్పు వేసి వదిలించి, దాన్ని చంపకుండా ఆకు మీద పెట్టి అవతల పడేశాడు.

సోకులేరు వాగు మలుపు దగ్గర అయిదు నిమిషాలు ఆగి, మధ్యాహ్నం భోజనానికి చింతూరు చేరాం.

చింతూరులో మాట మారిపోతుంది. మన 'అండి' వెనకబడుతుంది, 'అన్నా', 'అక్కా' ముందుకొస్తాయి. అన్నం వడ్డించినతను "కూర ఇంకింత ఏస్కో అక్కా, మొగమాటం వద్దు" అన్నాడు. నాకెంత సంతోషమేసిందో. భోజనం 120, చేపల పులుసు విడిగా 80. చేప శబరిలోదేనట. ముల్లు ఎక్కువ, రుచీ ఎక్కువ. పక్క బల్ల మీద కోయ భాషలో మాట్లాడుకుంటున్న ఇద్దరు ఆడవాళ్లు నేను ముళ్లతో పడుతున్న అవస్థ చూసి, తోక వైపు నుంచి ఎలా తీయాలో చేత్తో చూపించారు.

హోటలు గోడ మీద, ఫ్యాన్ కంటే ఎత్తున, మట్టిరంగు గీత ఉంది. 2022 జులై వరదది. ఆ నెలలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకి లేచింది. గోదావరి నిండితే శబరి నీళ్లకి పోయే దారుండదు, వెనక్కి తన్ని ఊళ్ల మీద పడతాయి. హోటలతను గోడకి రెండుసార్లు సున్నం వేయించాడట, ఆ గీత మాత్రం వదిలేయమన్నాడట. "మర్చిపోతమని ఉంచిన" అన్నాడు. చింతూరు పోలవరం ముంపు మండలాల్లో ఒకటి. 2014లో ఖమ్మం జిల్లా నుంచి ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. మాకు, అంటే డెల్టా వాళ్లకి, పోలవరం అంటే నీళ్లు. ఇక్కడ కూడా నీళ్లే, కానీ ఆ మాట పలికే గొంతు వేరు. పులుసు గిన్నె ముందు పెట్టుకుని నేను దానికి ఏ జవాబూ చెప్పలేకపోయాను.

అక్కడ దారి తప్పాం. మాటల్లో పడి మోతుగూడెం వైపు తిరగకుండా తిన్నగా శబరి వంతెన ఎక్కేశాం. అవతలి ఒడ్డుకి వెళ్లాక టీ కొట్టు దగ్గర అడిగితే "ఎనకకు తిప్పుర్రి. సెంటర్ల అడుగుర్రి, చెప్తరు" అన్నారు. వెనక్కి వస్తూ మామయ్యగారు వంతెన దాటాక కారు ఆపించారు. ఒడ్డున నిలబడి చూస్తే శబరి వెడల్పుగా, బురద రంగులో, చప్పుడు లేకుండా వెళ్తోంది. "సీలేరు ఇంకా పైన, మోటు అనే ఊరి దగ్గర దీంట్లో కలుస్తుంది. ఇది కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. నిన్నటి నుంచి మనం ఎదురు నడుస్తున్నాం" అన్నారు. దారి తప్పకపోతే ఆ మాట విని ఉండేవాళ్లం కాదు.

మోతుగూడెం చేరేసరికి చీకటి పడింది. మామయ్యగారి పాత స్నేహితుడి కొడుకు ఇంట్లో బస. వాళ్లావిడ వెదురు కొమ్ముల కూర, చారు, ఉడకబెట్టిన గుడ్లు పెట్టింది. వెదురు కొమ్ములు సన్నగా తరిగి, నీళ్లు మార్చి ఉడికిస్తేనే చేదు పోతుందట. కొంచెం పులుపు, కొంచెం కరకర. రెండోసారి అడిగి వేయించుకున్నాను. డబ్బు మాట ఎత్తితే బావుండదని మామయ్యగారు ఆత్రేయపురం పూతరేకులు రెండు పెట్టెలు ముందే కొని పెట్టుకున్నారు.

అక్టోబరు 12, ఆదివారం: పొల్లూరు, డొంకరాయి

ఆరున్నరకే పొల్లూరు బయల్దేరాం. మా ఆయన ఫోన్లో మ్యాప్ చూస్తున్నారు. సిగ్నల్ లేదు, నీలం చుక్క అడవి మధ్యలో ఆగిపోయింది. బాట దాటేసి ముందుకెళ్లిపోయామని అనుమానం వచ్చింది. అప్పుడు మామయ్యగారు "ఇంజన్ ఆపరా" అన్నారు. ఆపారు. ఆయన దిగి, తల కొంచెం వంచి, ఒక నిమిషం కదలకుండా నిలబడ్డారు. నాకు పక్షులు తప్ప ఏమీ వినబడలేదు. ఆయన వెనక్కి తిరిగి, కర్ర ఆనించుకుంటూ నడవడం మొదలుపెట్టారు. రెండు వందల గజాలు వెళ్లాక పొదల పక్కన బాట కనిపించింది, చప్పుడు కూడా అప్పుడే నా చెవికి అందింది.

తన షెడ్డు ఎక్కడుండేదో ఆయన గుర్తుపట్టలేదు. చెట్లు పెరిగిపోయాయి. "ఇటో, అటో" అన్నారు, అంతే. బాట కూడా ఆయనకి కొత్తే. చప్పుడొక్కటే మారలేదు.

పొల్లూరు మిగతా మూడింటిలా కాదు. పెద్దది. నీళ్లు ఒకే చోట పడవు. ఒక అంచు మీద పడి, నురగై, పక్కకి తిరిగి, ఇంకో అంచు దిగుతాయి. దగ్గరికి వెళ్తే మాట వినబడదు, సైగలే. బండల మీద నాచు ముదురాకుపచ్చ, దాని మీద తుంపర సన్నటి చుక్కలుగా నిలిచి ఉంది. నేను చెప్పులు చేతిలో పట్టుకునే దిగాను. మామయ్యగారు సగం దాకా వచ్చి ఒక పక్కపాయ దగ్గర ఆగిపోయారు. పంచె పైకి కట్టి కాళ్లు కడుక్కున్నారు, మడమలు రాయికేసి రుద్ది మరీ. పైకి వచ్చాక చెప్పారు, డ్యూటీ దిగి రోజూ అలాగే కడుక్కునేవారట. ఆ మూడేళ్లలో చలిజ్వరం రాని మనిషి లేడట. హాజరు పుస్తకంలో పేరు పక్కన 'జ్వరం' అని రాసీ రాసీ ఆయన చెయ్యి అలిసిపోయేదట. అక్కడి పవర్ హౌస్‌లో నాలుగు యూనిట్లు, ఒక్కోటి 115 మెగావాట్లు, మొత్తం 460. 1976లో మొదటిది తిరిగిన సంగతి చెబుతూ ఆయన మెగావాట్ల గురించి ఒక్క మాటా అనలేదు. ఎవరెవరు ఏ ఊరి నుంచి వచ్చారో, ఎవరు తిరిగి వెళ్లలేదో చెప్పారు.

ఒక్క సంగతికి మాత్రం మనసు కుతకుతలాడిపోయింది. కింద గుండం పక్కన బీరు సీసాల పెంకులు. తాగి బండకేసి కొట్టినట్టున్నారు. జలతరంగిణి దగ్గర నాకు చెయ్యిచ్చిన పిల్ల లాంటి పిల్లలే ఇక్కడా చెప్పుల్లేకుండా నడుస్తారు. వాళ్ల కాలివేళ్లు పట్టుకునే రాళ్లవి. కారులో ఉన్న బియ్యం సంచి తెచ్చి ఏరడం మొదలుపెట్టాం. ముప్పావు సంచి అయింది. దూరం నుంచి వచ్చిన కుర్రాళ్లు నలుగురు మమ్మల్ని చూసి, ఏమీ అడగకుండానే వచ్చి కలిశారు. ఆ సంచి డిక్కీలో పెట్టుకుని రాజమండ్రి దాకా తెచ్చాం.

అక్కణ్నుంచి డొంకరాయి. రోడ్డు కొన్నిచోట్ల బాగుంది, కొన్నిచోట్ల రోడ్డనే పేరే. జలాశయం దగ్గర ఫోటోలు తీయొద్దని కాపలా ఆయన మర్యాదగా చెప్పారు. ఫోన్లు జేబులో పెట్టేశాం. వానాకాలం అయిపోవస్తోంది కదా, నీళ్లు కొండల అంచుల దాకా ఉన్నాయి. గాలికి చిన్న అలలు గట్టుకి తగులుతున్నాయి. ఇక్కణ్నుంచి కాలవలో వెళ్లిన నీళ్లు పొల్లూరు పవర్ హౌస్‌లో దిగి, మళ్లీ సీలేరులో పడి, శబరి మీదుగా గోదావరికి వస్తాయి.

మండపేట దగ్గర మాకు ఎకరంన్నర పొలం ఉంది, కౌలుకిచ్చాం. ఫిబ్రవరి, మార్చి వచ్చేసరికి గోదావరి చిక్కిపోతుంది. దాళ్వా, అంటే రబీ వరి పొట్ట మీద ఉన్నప్పుడే నీళ్లు తగ్గుతాయి. అప్పుడు ధవళేశ్వరానికి సీలేరు నుంచి నీళ్లు వదిలారా లేదా అని ఊరంతా పేపరు చూస్తుంది. ఇన్నేళ్లూ నేను 'సీలేరు నీళ్లు' అనే మాట వింటూ అన్నం తిన్నాను. ఆ నీళ్లు ఇవి. మామయ్యగారు గట్టు మీద చాలాసేపు నిలబడ్డారు. గంటైనా కదల్లేదు. ఎండెక్కుతోంది, గొడుగు పట్టాను. "నువ్వు కూర్చోవమ్మా, నాకు బానే ఉంది" అన్నారు.

కారెక్కిన దగ్గర్నుంచీ ఆయనది ఒకటే ప్రశ్న. "సిగ్నల్ వచ్చిందా?" చింతూరులో వచ్చినట్టే వచ్చి పోయింది. ఘాట్‌లో అసలే లేదు.

మారేడుమిల్లి దిగాక ఒక కొండరెడ్డి ఆవిడ సీతాఫలాలు కుప్పలు పోసి అమ్ముతోంది. కుప్ప 50. బేరమాడలేదు, నేర్చుకున్నాం. రెండు కుప్పలు సంచిలో పోసి, పైన మూడు కాయలు కొసరేసింది. అందులో ఒకటి బాగా పండి పగిలి ఉంటే, అది తీసి మామయ్యగారి చేతిలో పెట్టి "ఇది ఇంటికి చేరదు, ఇప్పుడే తినెయ్యండి" అంది. ఆయన రోడ్డు పక్క రాయి మీద కూర్చుని తిన్నారు. గింజలు ఊసి దోసిట్లో పట్టుకున్నారు, కింద పారేయలేదు. పెట్రోలుకి 2,800, తిండికి రెండు వేల లోపు, ఈ పళ్లకి వంద. మూడు రోజుల ఖర్చు దాదాపు అంతే.

అప్పుడు ఫోను మోగింది, ఏదో మెసేజ్. సిగ్నల్ వచ్చింది. ఆయన చేతులు పంచెకి తుడుచుకుని, కళ్లజోడు పెట్టుకుని, మా కౌలు రైతుకి ఫోన్ చేశారు. అవతలతను ఇంకా హలో అంటున్నాడేమో, ఈయన గట్టిగా మొదలుపెట్టేశారు.

"ఒరేయ్, దాళ్వా ఊడ్చుకోరా. డొంకరాయి నిండుగా ఉంది. కళ్లారా చూసొస్తున్నాను."